దాచిన ఉత్తరం

నిజం చెబితే ఒక కుటుంబం నోటి దగ్గర కూడు పోతుందని తెలిసినప్పుడు, ఆ నిజం చెప్పాలా, వద్దా? హరిశ్చంద్రుడి కథ మనకు ఈ ప్రశ్న కొత్త కాకుండా చేసింది. అయితే ఆ కథలో జవాబు మరీ తేలిగ్గా దొరుకుతుంది. మాట ఇచ్చినవాడే కష్టాలు పడ్డాడు, కనక అతను మహానుభావుడు అంటాం. నిజానికి బజారులో అమ్ముడుపోయింది అతనొక్కడే కాదు. చంద్రమతి అమ్ముడుపోయింది, లోహితాస్యుడు అమ్ముడుపోయాడు. సత్యవ్రతం పట్టేటప్పుడు వాళ్లిద్దరినీ ఎవరూ సంప్రదించలేదు. ఒకరి సత్యానికి మరొకరు మూల్యం చెల్లించడమనే సమస్యను కథ చివర దేవతలు వచ్చి పరిష్కరిస్తారు. దేవతలు రాని లోకంలో ఆ సమస్య ఏమవుతుంది?

ఈ ప్రశ్నను నేను చూసినంతలో సూటిగా పట్టుకున్న నవలల్లో ఒకటి డిటెక్టివ్ నవల. అది 1935లో వెలువడిన ‘గాడీ నైట్’. రచయిత్రి డొరొతీ ఎల్. సేయర్స్. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఇంగ్లీషు డిటెక్టివ్ నవలతో పనేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. డిటెక్టివ్ నవలంటే మన కాలేజీల్లో ఇప్పటికీ ఒక చిన్నచూపు ఉంది. కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధర్‌ను అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చుకుని తెల్లవార్లూ చదివినవాళ్లే, మర్నాడు తరగతిలో అది సాహిత్యం కాదనేవాళ్లు. సాహిత్యం అవునా కాదా అనేది పుస్తకం జాతిని బట్టి తేలదు. అది జీవితాన్ని ఎంతవరకు పట్టుకున్నదో చూసి తేల్చాలి.

ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో ఒక రకాన్ని ‘కోజీ’ నవలలంటారు. చలికాలంలో దుప్పటి కప్పుకుని చదువుకోదగ్గవని తాత్పర్యం. వాటిలో నెత్తురు కంటికి కనిపించదు. చిన్న ఊరో, కాలేజీయో, పుస్తకాల దుకాణమో రంగస్థలంగా ఉంటుంది. పోలీసు ఉద్యోగి కాని మనిషి, తరచుగా ఒక స్త్రీ, నేరాన్ని ఛేదిస్తుంది. అవే పాత్రలు నవల తరవాత నవలగా వస్తూ పాఠకుడికి బంధువులైపోతాయి. గ్రంథాలయాల చుట్టూ, పుస్తకాల దుకాణాల చుట్టూ నడిచే ఇటువంటి వరస నవలలు నేడు అమెరికాలో విస్తారంగా వస్తున్నాయి. పుస్తకాల దుకాణం కేంద్రంగా కేరొలిన్ హార్ట్ 1987లో ప్రారంభించిన ‘డెత్ ఆన్ డిమాండ్’ వరస వాటిలో ఒకటి.

ఈ నవలలు పాఠకుడికి ఇచ్చేది ఒక నిశ్చింత. మొదట అంతా సవ్యంగా ఉంటుంది. ఎవడో దుర్మార్గుడు దాన్ని చెడగొడతాడు. వాణ్ని పట్టుకోగానే మళ్లీ అంతా సవ్యమైపోతుంది. అంటే చెడు వ్యవస్థలో లేదు, ఒక మనిషిలో ఉంది, ఆ మనిషిని తొలగిస్తే చాలు అని ఈ కథలు మనకు నచ్చచెబుతాయి. అభ్యుదయ విమర్శకుడు వీటిని అనుమానించడానికి ఇదే కారణం. ఆ అనుమానం సహేతుకమైనదే. ‘గాడీ నైట్’ కూడా ఈ కుటుంబానికి చెందిన పుస్తకమే. సేయర్స్ తన పరిశోధకుడు లార్డ్ పీటర్ విమ్సీ గురించి 1923 నుంచి 1937 వరకు రాసిన పదకొండు నవలల్లో ఇది పదోది. అయితే ఈ నవలలో నేరం బయటపడ్డాక మనకు నిశ్చింత కలగదు. ఎందుకు కలగదో చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కథాస్థలం ఆక్స్‌ఫర్డ్‌లో స్త్రీల కోసం ఉన్న ష్రూస్‌బరీ కాలేజీ. అది కల్పితం. సేయర్స్ చదివింది సోమర్‌విల్ కాలేజీలో. ఆమె చదువు 1915లో ముగిసింది, పరీక్షలో ప్రథమ శ్రేణి వచ్చింది. కాని డిగ్రీ రాలేదు. ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు డిగ్రీలివ్వడం 1920లోగాని మొదలుపెట్టలేదు. ఆ ఏడు పట్టాలు పుచ్చుకున్న తొలి స్త్రీలలో ఆమె ఒకరు. మళ్లీ 1927లోనే స్త్రీ విద్యార్థుల సంఖ్య మించిపోకుండా విశ్వవిద్యాలయం పరిమితి విధించింది. ఈ చరిత్ర తెలిస్తేగాని నవలలోని అధ్యాపకురాళ్లు తమ విద్యా నిజాయితీ గురించి ఎందుకంత పట్టుదలగా ఉంటారో అర్థం కాదు. ఒక్క పొరపాటు దొరికితే చాలు, స్త్రీలకు పాండిత్యం అచ్చిరాదని తీర్పు చెప్పడానికి ఊరంతా కాచుకుని ఉంది.

ఈ కాలేజీలో ఎవరో అసహ్యమైన ఆకాశరామన్న ఉత్తరాలు పంపుతున్నారు. క్రమంగా ఆ ద్వేషం పుస్తకాల మీదికి మళ్లుతుంది. మిస్ లిడ్గేట్ ఏళ్ల తరబడి శ్రమించి రాసిన ఛందశ్శాస్త్ర గ్రంథం ప్రూఫులు పాడవుతాయి. ఒక అధ్యాపకురాలు స్త్రీల స్థితి గురించి రాసిన పుస్తకం నిప్పుల పాలవుతుంది. కొత్త గ్రంథాలయం ప్రారంభోత్సవానికి ముందు దాన్ని ధ్వంసం చేస్తారు. బెదిరింపు ఉత్తరాలు తట్టుకోలేక ఒక విద్యార్థిని నదిలో పడి చావబోతుంది. పోలీసులకు చెబితే కాలేజీ పరువు పోతుందని, పూర్వ విద్యార్థిని అయిన హారియెట్ వేన్‌ను పిలిపిస్తారు. ఆమె డిటెక్టివ్ నవలలు రాసే మనిషి. నవలలో హత్య లేదు.

నేరానికి మూలం మరోచోట ఉంది. కొన్నేళ్ల కిందట రాబిన్సన్ అనే చరిత్ర పరిశోధకుడు ఒక సిద్ధాంత వ్యాసం రాశాడు. రాత చాలా దూరం నడిచాక అతని కంట ఒక పాత ఉత్తరం పడింది. అది నిజమైతే అతని సిద్ధాంతం నిలబడదు. అతను ఆ ఉత్తరాన్ని బయటికి రాకుండా చేసి, తన వ్యాసాన్ని సమర్పించాడు. కాని అదే ఉత్తరాన్ని అంతకుముందే మరొకరు చదివి ఉన్నారు. ఆమె మిస్ డి వైన్. విషయం బయటపెట్టింది. రాబిన్సన్‌కు డిగ్రీ పోయింది, రావలసిన పదవి పోయింది. కొంతకాలానికి ఆత్మహత్య చేసుకున్నాడు. ఇద్దరు ఆడపిల్లలతో మిగిలిన అతని భార్య ఆనీ, పేరు మార్చుకుని ఆక్స్‌ఫర్డ్‌లో కాలేజీ పనిమనిషిగా చేరింది. మిస్ డి వైన్ అదే కాలేజీకి పరిశోధకురాలిగా వచ్చింది.

దోషి ఎవరో కాలేజీ చాలాకాలం పట్టుకోలేకపోవడానికి ఒక కారణముంది. దొరికిన ఆధారాల్లో ఒక లాటిన్ ముక్క ఉంది. లాటిన్ ఉంది కనక రాసింది చదువుకున్న మనిషే అయి ఉండాలని అందరూ నమ్మారు. తమలో తాము అనుమానించుకున్నారు. పెళ్లి లేకుండా పాండిత్యంలో మునిగిన స్త్రీకి మతి చలిస్తుందేమోనని కూడా భయపడ్డారు. ఆ లాటిన్ చదువుకున్న భర్త నుంచి పనిమనిషికి సంక్రమించి ఉండవచ్చునన్న ఊహ వారికి తట్టలేదు. రోజూ గదులు ఊడ్చి కాఫీ అందించే మనిషికి ఒక గతం ఉంటుందని, ఆ గతంలో పుస్తకాలు ఉండవచ్చునని వారు తలచలేదు. వర్గ సమాజంలో చూపు ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ కావాలా? ఈ గుడ్డితనం వారి క్రూరత్వం వల్ల వచ్చింది కాదు. వారందరూ మర్యాదస్తులు. సేవ చేసేవాళ్లను చూడకుండా బతకడానికి మర్యాద ఎంతమాత్రం అడ్డురాదు.

నవల మధ్యలో ఒక రాత్రి భోజనానంతరం అధ్యాపకురాళ్లూ, విమ్సీ కలిసి చర్చిస్తారు. పండితుడు తన సిద్ధాంతానికి విరుద్ధమైన సాక్ష్యాన్ని దాచవచ్చునా? దాచరాదని అందరూ ఒప్పుకుంటారు. అతనికి పెళ్లాం బిడ్డలుంటే? అయినా దాచరాదు. పెళ్లాం బిడ్డలుండడం వల్ల అబద్ధం నిజం కాదు. ఈ మాట అనడానికి వారికి హక్కు ఉందా? ఉందనే నేనంటాను. డిగ్రీ కోసం తరాల తరబడి పోరాడిన స్త్రీలు, ఆ డిగ్రీ విలువ పడిపోకుండా కాపాడుకోవాలనుకోవడంలో తప్పు లేదు. కాని ఆ బల్ల చుట్టూ కూర్చుని పెళ్లాం బిడ్డల గురించి మాట్లాడినవాళ్లలో ఆ పెళ్లాం లేదు. ఆమెకు ఆ గదిలోకి ప్రవేశం పళ్లెం పట్టుకుని మాత్రమే.

చివరికి ఆమె మాట్లాడుతుంది. విమ్సీ అందరి ముందూ నేరం నిరూపించినప్పుడు ఆనీ నోరు విప్పుతుంది. నవల మొత్తంలో అంత బలమైన ఘట్టం మరొకటి లేదు. ఒక చిన్న కాగితపు ముక్క కోసం నా మగవాణ్ని చంపారు, ఆ ముక్క వల్ల ఎవరికి మంచి జరిగింది, ఎవరికి చెడు జరిగింది అని అడుగుతుంది. నాలాగా నేల కడిగి పొట్టపోసుకోవడమంటే ఏమిటో మీకు తెలుసా అని అడుగుతుంది. ఆ గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. 1932లో బ్రిటన్‌లో నిరుద్యోగులు దాదాపు 30 లక్షలమంది ఉన్నారని గుర్తుచేసుకుంటే, భర్త పోయి ఇద్దరు పిల్లలతో మిగిలిన స్త్రీకి ఆ మాటల్లో ఎంత భయం దాగి ఉందో తెలుస్తుంది.

ఇక్కడే మనకు ఒక ప్రలోభం ఎదురవుతుంది. ఈ నవలను విద్యార్థులతో చర్చించినప్పుడు ఒకరు లేచి, “ఆనీయే కదండీ శ్రామికవర్గ ప్రతినిధి! తక్కినవాళ్లందరూ బూర్జువా పండితురాళ్లు” అన్నారు. విద్యార్థి ఆవేశం మెచ్చుకోదగిందే. కాని ఆ వాదాన్ని నిలబెట్టాలంటే పుస్తకంలో ఉన్న కొన్ని విషయాలు వదిలెయ్యాలి. ఆనీ తన భర్త చేసిన మోసాన్ని మోసమని ఒప్పుకోదు. స్త్రీ పని మొగుణ్ణి చూసుకోవడమేననీ, చదువుకున్న ఆడవాళ్లు మగవాళ్ల ఉద్యోగాలు కాజేస్తున్నారనీ అంటుంది. ఆమె ఉత్తరాలకు దాదాపు బలైపోయినది ఏ పాపమూ ఎరగని ఒక విద్యార్థిని. ఆనీ కష్టం నిజమైనది. ఆమె కోపం న్యాయమైనదే. ఆమె సిద్ధాంతం మాత్రం అభివృద్ధి నిరోధకమైనది. కష్టపడే ప్రతి మనిషీ సరైన ఆలోచనలే చేస్తాడని మార్క్సు ఎక్కడా చెప్పలేదు.

దీనికి ఎదుటి పక్షం కూడా ఉంది. ఆనీని పిచ్చిదిగా తేల్చేసి, పుస్తకాల శత్రువుగా తేల్చేసి, నాగరికతను కాపాడుకున్నామని తృప్తిపడేవాళ్లు ఆ పక్షం. వాళ్లు నీళ్ల బక్కెట్టునూ, నేల కడిగే గుడ్డనూ వదిలెయ్యాలి. ఈ ఇద్దరు విమర్శకులూ చేసేది ఒకటే పని. తమ సిద్ధాంతానికి అడ్డువచ్చే ఉత్తరాన్ని ఇద్దరూ దాస్తారు. రాబిన్సన్‌ను ఖండిస్తూనే రాబిన్సన్ చేసిన పని చేస్తారు. ఈ నవల నాకు ముఖ్యంగా తోచడానికి కారణం ఇది. దీన్ని ఏ పక్షంవాళ్లు తమదిగా చెప్పుకోవాలన్నా, దీనిలోంచి కొన్ని పుటలు చించవలసివస్తుంది.

మన సాహిత్య విమర్శలో దాచిన ఉత్తరాలు లేవా? వేమనను సంపూర్ణ విప్లవకవిగా నిరూపించదలచినవారు, అతని పేర చెల్లే స్త్రీనిందా పద్యాల దగ్గరికి వచ్చేసరికి మాట్లాడరు. అవి అతనివో కావో పరిశోధించి చెప్పవచ్చు. అతనివే అయితే ఆ యుగపు పరిమితి ఏమిటో వివరించవచ్చు. ఏమీ చెప్పకుండా దాటిపోవడం మాత్రం పరిశోధన కాదు. గురజాడను ప్రజల మనిషిగా నిలబెట్టేటప్పుడు, ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు 1897లో విజయనగరం మహారాజు ఆనందగజపతికి అంకితమైన సంగతి ఇబ్బందిగా కనిపించవచ్చు. ఆ ఇబ్బందిలోంచే మంచి విమర్శ పుట్టాలి. సంస్థానం నీడలో ఉన్న మనిషి అటువంటి నాటకం ఎట్లా రాయగలిగాడన్నది అసలు ప్రశ్న. అంకితాన్ని దాచినవాడు ఆ ప్రశ్ననే పోగొట్టుకుంటాడు.

సాహిత్యంలో ఉత్తరం దాస్తే ఒక వ్యాసం చెడుతుంది. తక్కిన రంగాల్లో అంతటితో ఆగదు. 1948 ఆగస్టులో సోవియట్ వ్యవసాయ శాస్త్ర అకాడమీ సమావేశం లైసెంకో వాదాన్ని అధికార సిద్ధాంతంగా ప్రకటించి, జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని తోసిపుచ్చింది. పంట మొక్కల పుట్టుక గురించి ప్రపంచమంతా తిరిగి గింజలు సేకరించిన నికొలాయ్ వావిలోవ్ అంతకు అయిదేళ్లముందే, 1943లో, సరాటోవ్ జైలులో మరణించాడు. ఆ రోజుల్లో శాస్త్రం తెలిసి కూడా, ఉద్యమానికి నష్టం కలుగుతుందని నోరు మూసుకున్న సజ్జనులు అనేక దేశాల్లో ఉన్నారు. వారు స్వార్థపరులు కారు. రాబిన్సన్ తన పదవి కోసం దాచాడు, వీరు శ్రామికవర్గం కోసమని దాచారు. ఫలితంలో భేదం లేదు. గోధుమ గింజ ఎవరి తీర్మానాన్నీ లెక్కచేయదు. లైసెంకో పట్టు 1960ల మధ్యదాకా సడలలేదు. ఆ మధ్యకాలంలో నష్టపోయింది ఎవరి పేర ఉత్తరం దాచారో ఆ శ్రామికులూ రైతులే. కనక సత్యం విషయంలో మిస్ డి వైన్ సరి. ఎటువంటి మంచి లక్ష్యమైనా ఉత్తరం దాచడానికి అనుమతి ఇవ్వదు.

అయితే మిస్ డి వైన్ చెప్పే మరొక మాట ఉంది. ఆ మాట లేకపోతే నేను ఈ నవల గురించి రాసేవాణ్ని కాను. ఆనీ నిందలన్నీ విన్న తరవాత ఆమె తన్ను తాను సమర్థించుకోదు. ఉత్తరం సంగతి బయటపెట్టడం తప్పనిసరి అనే ఆమె అభిప్రాయం మారలేదు. ఆ తరవాత ఆ మనిషి ఏమైనాడో, అతన్ని నమ్ముకున్నవాళ్లు ఏమైనారో విచారించకపోవడం తన నేరమని ఒప్పుకుంటుంది. ఇది చాలా పెద్ద మాట. సత్యం చెప్పడంతో బాధ్యత తీరిపోదు. నిజానికి బాధ్యత అప్పుడే మొదలవుతుంది. హరిశ్చంద్రుణ్ని చంద్రమతి అడగవలసి ఉండీ అడగని ప్రశ్నకు ఇక్కడ కొంత సమాధానం దొరికింది.

కొంత అని ఎందుకంటున్నానంటే, సేయర్స్ ఇక్కడ ఆగిపోయింది. ఆనీని వైద్యుల సంరక్షణకు అప్పగించి, నవల హారియెట్, విమ్సీల ప్రేమ వైపుకు సాగిపోతుంది. ఏళ్ల తరబడి అతని ప్రేమను తిరస్కరించిన హారియెట్ చివరి పుటలో అంగీకరిస్తుంది. ఆ ఆడపిల్లలిద్దరి గతి పాఠకుడి మనసులో ముల్లులా మిగిలిపోతుంది. మిస్ డి వైన్ బాధ్యతను తన వ్యక్తిగత లోపంగా చూసింది. ఆమె వారికి నెలకింత డబ్బు పంపి ఉంటే సమస్య తీరేదా? ఒక కుటుంబానికి తీరేది. కాని ఒక మనిషి జీవితమంతా, అతని పెళ్లాం బిడ్డల తిండితో సహా, ఒక్క సిద్ధాంత వ్యాసం మీద ఆధారపడి ఉండే ఏర్పాటు ఎవరు చేశారు? ఓడిపోయిన సిద్ధాంతాన్ని నిజాయితీగా వదులుకున్న పరిశోధకుడికి ఆ ఏర్పాటులో చోటేది? “నేను పొరబడ్డాను, ఈ ఉత్తరం నా వాదాన్ని కొట్టేసింది” అని రాస్తే డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం ఉంటే, రాబిన్సన్‌కు ఉత్తరం దాచవలసిన అవసరం చాలావరకు తగ్గేది. ఈ ప్రశ్న నవల అడగలేదు. అడిగితే నేరం ఒక మనిషిలో ఉందన్న డిటెక్టివ్ నవల పునాదే కదిలిపోతుంది. అంతదూరం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డందుకు రచయిత్రిని మెచ్చుకోవాలి. తలుపు తియ్యనందుకు విమర్శించనూ వచ్చు.

ఆ తలుపు మన కాలేజీల్లో కూడా మూసే ఉంది. నేటి అధ్యాపకుడికి పి.హెచ్.డి. విద్యతోపాటు జీవనోపాధి ప్రశ్న కూడా. తాత్కాలిక ఉద్యోగంలో ఏళ్లు గడుపుతూ, పర్మనెంటు అవుతుందన్న ఆశతో సిద్ధాంత వ్యాసం పూర్తిచేసేవారు ఎందరో ఉన్నారు. అటువంటివారికి చివరి అధ్యాయంలో ఒక విరుద్ధ సాక్ష్యం ఎదురైతే ఏం చేస్తారు? యు.జి.సి. 2018లో గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి నిబంధనలు చేసింది. వాటి ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, ఆపైన మెట్లు మెట్లుగా శిక్షలున్నాయి. కంప్యూటరు ఈ లెక్క చక్కగా కడుతుంది. పక్కవాడి పుస్తకం నుంచి ఎత్తిన వాక్యాన్ని పట్టుకుంటుంది. రాయకుండా వదిలేసిన వాక్యాన్ని మాత్రం పట్టుకోలేదు. దాచిన ఉత్తరానికి పోలిక శాతం సున్న.

కనక ఆ పని మనుషులే చెయ్యాలి. విద్యార్థి తన వాదానికి విరుద్ధమైన సాక్ష్యాన్ని తెచ్చి చూపినప్పుడు, గడువు దగ్గరపడిందని దాన్ని పక్కన పెట్టించే గురువు మొదటి దోషి. తమ వాళ్ల పుస్తకాల్లో లోపాలు కనిపించినా సంఘం పరువు కోసం ఊరుకునే విమర్శకుడు రెండో దోషి. నిజం బయటపెట్టి, దాని కింద నలిగినవాళ్ల ఊసెత్తకుండా చేతులు కడుక్కునే సత్యసంధుడు మూడోవాడు. ఈ మూడోవాణ్ని మనం సాధారణంగా దోషిగా లెక్కించం. అతన్ని సన్మానిస్తాం కూడా.

నిజాన్నీ, నేల కడిగే మనిషినీ ఒకే చూపులో పెట్టుకోగలిగిన విద్యను నేను అభ్యుదయ విద్య అంటాను. నిజాన్ని మాత్రమే చూసేవాడి చేతిలో సత్యం మరొకరి మెడకు ఉరితాడు కావచ్చు. నేల కడిగే మనిషిని మాత్రమే చూసి నిజాన్ని దాచేవాడు, ఆ మనిషికే రేపటి గింజ లేకుండా చేస్తాడు. ఉత్తరాన్ని బల్లమీద పెట్టాలి. పెట్టిన తరవాత, పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషిని లోపలికి పిలిచి, కూర్చోమని, ఆమెను కూడా ఆ ఉత్తరం చదవమనాలి.